తీరిక చేతులు: ఇంట్లో కట్టిన గాలం

పోయిన నెల ఇదే పేజీలో పాత చీరలతో బొంత కుట్టడం గురించి రాశాను. అది చదివి పుళియంతోపు నుంచి ఒక అక్క కబురు పంపింది. "ఎప్పుడూ ఆడవాళ్ల పనులే రాస్తావేంది అన్నా, ఇంట్లో ఊరికే కూర్చోనుండే మా ఆయనకి కూడా ఏదన్నా పని చెప్పు" అని. ఆ అక్క మాట కోసం ఈ నెల మగవాళ్ల పని ఒకటి రాస్తున్నాను. ఆడవాళ్లు చేస్తే ఇంకా బాగా వస్తుందని ముందే ఒప్పుకుంటున్నాను.

గాలం అంటే మనకు తెలిసిందే. వానపామో, రొయ్య ముక్కో గుచ్చి నీళ్లలో వేస్తాం. ఎర లేకుండా పట్టే గాలం ఇంకొకటి ఉంది. దాన్ని జిగ్ అంటారు. గాలం కాడకి కొంచెం బరువు, దాని వెనక నాలుగు కోడి ఈకలో, మేక తోక వెంట్రుకలో దారంతో చుట్టి కడతారు. నీళ్లలో వేసి, ఎగరేస్తూ దించుతూ లాగితే, చేప కంటికి అది పారిపోతున్న రొయ్యలాగానో చిన్న చేపలాగానో ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధం నాడు అమెరికా నావికుల ప్రాణరక్షణ తెప్పల్లో పెట్టిన చేపల సామాన్ల పెట్టెలో కూడా ఇట్లాంటివి ఉండేవి. ఎర దొరకని చోట పనికొచ్చే వస్తువు ఇది.

నేను మొదట రెండు కొన్నాను. ఒక్కొక్కటి రెండు వందల పైన. తిరువొత్తియూరు దారిలో సముద్రంలోకి రాళ్లు పోసి కట్టిన గట్లు ఉన్నాయి కదా, ఆ వంపు చూసి వాటిని తమిళంలో 'తూండిల్ వళైవు' అంటారు. అంటే గాలపు వంపు అని. ఆ గట్టు మీద నిలబడి ఒక్క పొద్దుటి పూట రెండూ రాళ్ల సందుల్లో పోగొట్టుకున్నాను. నాలుగు వందలు సముద్రంలో పారేసి ఇంటికి వస్తే మా ఇంటామె ఏమీ అనలేదు. ఏమీ అనకపోతేనే నాకు జాస్తి భయం.

అప్పుడనుకున్నాను, ఇది నేనే ఎందుకు కట్టుకోకూడదు అని.

ఉట్టి గాలాలు కాశిమేడు కొట్లో చవకే. ఆదివారం కోడి కొట్టు దగ్గర ఈకలు అడిగితే నవ్వి సంచి నిండా ఇచ్చాడు. మొదటి జిగ్ కట్టడానికి నాకు ముప్పావు గంట పట్టింది. చూడ్డానికి నీళ్లలో పడిన కోడిపిల్లలాగా ఉంది. ముడి జారిపోతోంది, ఈకలు పక్కకి తిరిగిపోతున్నాయి.

అప్పుడు మా బావ వచ్చాడు. వచ్చాడంటే, మా ఇంటామె అన్నానికి పిలిస్తే వచ్చాడు. మా అక్క పోయి ఏడాది దాటింది. అప్పటి నుంచి ఆయన పిలిస్తే తప్ప ఎక్కడికీ కదలడు. వచ్చినా ఆ మూల కుర్చీలో కూర్చుని గోడ చూస్తాడు. మాట్లాడిస్తే ఊ, లేదంటే అదీ లేదు. ఆ రోజు నా చేతిలో వస్తువు చూసి అడిగాడు.

"ఏంది బావా అది?"

"జిగ్ అంట. చేపలకి."

"చేప సంగతి తర్వాత. అది ముడేనా? మిల్లులో ఇట్లా ముడేసుంటే మేస్త్రీ నన్ను గేటు బయట నిలబెట్టుంటాడు."

నా చేతిలోది లాక్కుని, నేను వేసిన ముడి అంతా విప్పేశాడు. ఏడాదిలో ఆయన అంత పెద్ద మాట మాట్లాడటం అదే మొదలు.

బావ వైండింగులో పని చేశాడు. 1996లో మిల్లు మూతపడే దాకా, ఎడమ చేతికి నాటర్ తగిలించుకుని తెగిన పోగులు అతికినవాడు. నాటర్ చెడిపోతే చేత్తోనే వేసేవాడు. మిల్లు ఇళ్లలో పెరిగిన వాళ్లకి ఆ ముడి తెలుసు. ఒక పోగు వంచి, రెండోది దాని వెనక నుంచి చుట్టి, తన కిందనే దూర్చి లాగుతారు. అణువంత ముడి, ఊడదు. ఒక సంగతి చెప్తాను, కాశిమేడులో వల అల్లే వాళ్ల చేతులు చూడండి. వాళ్ల చేతిలో ఉండేది కర్ర సూది, మన చేతిలో ఉండింది నూలు పోగు, అంతే తేడా. ముడి మాత్రం ఒకటే. మన వాళ్లు నేత ముడి అంటే వాళ్లు వల ముడి అంటారు.

బావకి తెలిసింది ముడి ఒక్కటే కాదు, దారం స్వభావం. నేను ఇంట్లో ఉండే కుట్టుమిషన్ దారంతో చుడుతున్నాను. చుట్టే కొద్దీ దారం విడిపోయి రెండు మూడు పోగులవుతోంది. "పురికి ఎదురు చుడుతున్నావు" అన్నాడు. దారానికి పురి ఒక వైపుకే ఉంటుంది. ఒక దిక్కుగా చుడితే పురి బిగుసుకుని దారం గుండ్రంగా, గట్టిగా కూర్చుంటుంది. రెండో దిక్కుగా చుడితే పురి సడలి చదునుగా పరుచుకుంటుంది. మొదట కాడ మీద పునాది వేసేటప్పుడు చదునుగా ఉంటే మంచిది, ఈకలు జారవు. చివర బిగించేటప్పుడు గట్టిగా ఉండాలి. చిటికెన వేలితో దారాన్ని అటో ఇటో తిప్పి ఆ రెండు పనులూ ఒక్క దారంతోనే చేశాడు. ఇది చదివేవాళ్లలో రింగ్ ఫ్రేమ్ దగ్గర నిలబడిన వాళ్లు ఎంతో మంది ఉంటారు. మీ వేళ్లకి ఈ మాట చెప్పనక్కర్లేదు.

నూలు దారమా, పాలియెస్టరా అని కూడా చూశాం. నూలు తడిస్తే బలం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి తడిసిన నూలుకే బలం ఎక్కువ. దాని రోగం వేరే, ఉప్పు నీళ్లలో నాని, తడిగా మూలన పడుంటే బూజు పట్టి కుళ్లుతుంది. నైలాన్ రాకముందు నూలు వలలను చెట్ల బెరడు రసంలో ఉడికించేది అందుకే. మేము నూలుతో కట్టిన జిగ్గులు రెండు వారాల్లో వదులయ్యాయి. పాలియెస్టర్ దారంతో కట్టినవి అట్లాగే ఉన్నాయి. కనుక పాలియెస్టరే వాడండి.

ఇప్పుడు అసలు తప్పు చెప్పాలి. ఈ నెల ఈ పేజీ రాయడానికి ముఖ్య కారణం ఇదే.

జిగ్‌కి బరువు కావాలి. బజార్లో దొరికే జిగ్గులకి సీసం తల పోసుంటుంది. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, మామూలు గ్యాసు పొయ్యి చాలు. పాత సామాన్ల కొట్లో టైర్లకి తగిలించే సీసం ముక్కలు కొన్నాను. మిద్దె మీద చిన్న స్టవ్ పెట్టి, బంకమట్టిలో గుంట చేసి కరిగించి పోశాను. మట్టి సరిగ్గా ఆరలేదు. తడి తగలగానే ఆ సీసం టప్పుమని పేలి ఒక చుక్క నా చెప్పు మీద పడింది. రబ్బరు కాలి రంధ్రం పడింది. అదే కంటి మీద పడుంటే ఈ పేజీ ఇంకొకరు రాసేవాళ్లు.

దానికన్నా పెద్ద తప్పు, కరిగించడానికి నేను తీసుకెళ్లింది మా ఇంటి తాలింపు గరిటె. బూడిద వేసి తోమి, మళ్లీ మేకుకి తగిలించేశాను. శుభ్రంగా తోమాను కదా అనుకున్నాను. ఆ రాత్రి ఆ గరిటెతోనే చారుకి తాలింపు పడింది. మా మనవరాలు రెండు సార్లు వేయించుకుని తాగింది. ఆరేళ్ల పిల్ల.

పొద్దున గరిటె అడుగున బూడిద రంగు చార చూసి మా ఇంటామె అడిగింది. చెప్పాను.

"ఏమయ్యా, నీకు బుద్ధుందా? బిడ్డ తినే గరిటెలో సీసం కాస్తావా?"

గరిటె చెత్తలో పడింది. నేను పిల్లను తీసుకుని డాక్టరమ్మ దగ్గరికి పోయాను. సీసం పిల్లల మెదడుని దెబ్బ తీస్తుంది, ఇంత వరకు ఫరవాలేదు అనే లెక్క దానికి లేదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది కూడా అదేనని ఆమె చెప్పింది. పెద్దవాళ్ల కన్నా పిల్లల ఒంట్లోకి అది ఎక్కువగా ఎక్కుతుందట. రక్తం తీసి పరీక్షకి పంపించింది. ఫలితం రావడానికి మూడు రోజులు. ఆ మూడు రోజులు మా కోడలు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోవడం న్యాయమే. మూడో రోజు సాయంత్రం, భయపడాల్సింది ఏమీ లేదని డాక్టరమ్మ చెప్పింది. ఇక మీదట ఆ పని ఇంటి చుట్టుపక్కల చేయొద్దని కూడా చెప్పింది.

అందుకని చెప్తున్నాను. ఇంట్లో సీసం కరిగించకండి. మిద్దె మీద కూడా వద్దు. ఆవిరి, బూడిద, దుమ్ము, అన్నీ బట్టలకి పట్టుకుని లోపలికే వస్తాయి. పాత బ్యాటరీల సీసం జోలికి అసలే పోకండి. వలకి కట్టే సీసం గుండ్లు చేత్తో పట్టుకున్నా, సబ్బుతో కడుక్కోకుండా అన్నం ముట్టకండి. ఇంగ్లండులో గాలానికి కట్టే చిన్న సీసం గుండ్లు అమ్మకూడదని 1987లోనే ఆపేశారు. నీళ్లలో పడిపోయిన గుండ్లు మింగి అక్కడి హంసలు చచ్చిపోతున్నాయని. మనకి పులికాట్ సరస్సు ఎంతో దూరం లేదు. అక్కడికి వచ్చే పక్షులను చూడ్డానికి మనమే పిల్లలను వేసుకుని బస్సెక్కి పోతాం.

మరి బరువుకి ఏం చేయాలి? వారం రోజులు ఈ పని మూలన పడింది. బావ రోజూ వస్తున్నాడు, ఎవరూ పిలవకుండానే. వచ్చి ఉట్టి గాలాలకే ఈకలు కట్టి వరసగా పెడుతున్నాడు. ఒకరోజు మా మనవరాలు ఆయన పక్కన కూర్చుని తన పూసల డబ్బా తీసింది. దండలు గుచ్చుకునే పూసలు. అందులో ఇత్తడి పూసలు కొన్ని. రెండు తీసి ఆ గాలం పక్కన పెట్టి, "తాతా, చేపకి కళ్లు" అంది.

బావ నా వైపు చూశాడు. అదే మాకు దొరికిన దారి. ఇత్తడి సీసమంత బరువు ఉండదు, కొంచెం పెద్ద పూస వాడితే సరిపోతుంది. సౌకారుపేట పూసల కొట్టులో తూకం లెక్కన ఇస్తారు.

కట్టే పద్ధతి ఇది. ఓపికగా చదవండి.

చిన్న తీగ ముక్కకి రెండు ఇత్తడి పూసలు గుచ్చి, చివరలు వంచండి. చిన్న డంబెల్ లాగా వస్తుంది. గాలం కాడ మీద, కన్నానికి కొంచెం ఇవతల, దారంతో పునాది చుట్టండి. పూసల జతను కాడ వెన్ను మీద, అంటే మొన ఉండే వైపుకి ఎదురు వైపు, అడ్డంగా పెట్టి ఎనిమిది అంకె ఆకారంలో పది పన్నెండు చుట్లు బిగించండి. ఇట్లా కడితే నీళ్లలో బరువు కిందికి తిరిగి మొన పైకి లేస్తుంది. రాళ్లలో తగులుకోవడం సగానికి తగ్గుతుంది. దుకాణం సరుకు రెండు పోగొట్టుకున్న వాడిని చెప్తున్నాను.

పూసల వెనక అటు మూడు, ఇటు మూడు ఈకలు. కోడిపుంజు మెడ ఈకలైతే సన్నగా, పొడుగ్గా ఉండి నీళ్లలో బాగా ఆడతాయి. ముందు గోరువెచ్చని సబ్బు నీళ్లలో ఉతికి నీడన ఆరబెట్టాలి, లేకపోతే వాసనా, పేలూ. ఎక్కువ కట్టాలనే ఆశ వద్దు. గుబురుగా ఉంటే నీళ్లలో మునగదు, ఆడదు. అమెరికాలో జింక తోక వెంట్రుకలు కడతారు. మన దేశంలో 1972 నుంచి వన్యప్రాణి రక్షణ చట్టం ఉంది, జింక జోలికి పోకండి. మేక తోక చాలు.

తెల్ల ఈకలను పసుపు నీళ్లలో వేసి రంగెక్కించాం. మొదట భలే పచ్చగా వచ్చాయి. మర్చిపోయి మళ్లీ సబ్బు పెడితే ఎర్రగా తిరిగాయి. పసుపు, సున్నం కలిస్తే పారాణి అయినట్టే ఇదీ. ఎండకి రెండూ వెలిసిపోతాయి. మా అనుభవంలో మసక నీళ్లలో తెలుపే బాగా పని చేసింది.

ఆఖరు ముడి. ఇది బావ చూపించింది. విడిగా ఒక దారం ముక్క మడిచి ఉంగరం లాగా కాడ పొడవున పెట్టండి. దాని మీదుగా ఏడెనిమిది చుట్లు చుట్టి, చుట్టిన దారం కొస ఆ ఉంగరంలో దూర్చండి. ఉంగరాన్ని వెనక్కి లాగితే కొస చుట్ల కిందకి పోయి దాక్కుంటుంది. మిగిలింది కత్తిరించి, పైన గోళ్ల రంగు రెండు పూతలు వేయండి. మా కోడలిని గోళ్ల రంగు అడిగాను. ఇచ్చింది. అప్పటికి మాట్లాడుతోంది.

కట్టింది బాగుందో లేదో పాత పెయింటు బకెట్ నిండా నీళ్లు పోసి చూసుకోండి. తాగే నీళ్ల బిందెలో వద్దు. ఆ మాట కూడా మా ఇంట్లో నాకు ప్రత్యేకంగా చెప్పారు.

కాశిమేడులో ఫైబర్ పడవ నడిపే ఒకాయన నాకు పరిచయం. కానాగంతల కోసం గాలపు తాడు వేస్తాడు. ఆయనకి మావి ఆరు ఇచ్చాను. మూడు రోజుల తర్వాత తిరిగి తెచ్చి బల్ల మీద పెట్టాడు. "గాలం పెద్దది, ఈకలు జాస్తి. కానాగంత నోరు చూసినావా ఎప్పుడైనా? మెరుపు కావాలి దానికి" అన్నాడు.

మరునాడు బావ చేతిలో చిన్న గుడ్డ సంచి. అందులో ఒక చీర అంచు, కత్తిరించి మడిచి ఉంది. మా అక్క చీరే అది, నాకు గుర్తుంది. అసలు వెండి జరీ కాదు, ఇప్పటి ప్లాస్టిక్ జరీ. అదే మంచిదయింది, వెండి అయితే ఉప్పు నీళ్లకి నల్లబడేది. ఆయన ఏమీ చెప్పలేదు. నేనూ అడగలేదు. చిన్న గాలాలకి పూసలు లేకుండా, ఒక్కొక్కదానికి రెండు ఈక పోచలు, నాలుగు జరీ పోగులు కట్టాడు. ఒకే తాడుకి ఆరు, కింద కొసన బరువుకి ఒక ఇనుప నట్టు. ఆ తాడు వేసిన నాడు పడవ ఆయన మా ఇంటికి నాలుగు కానాగంతలు పంపించాడు.

ఈ కానాగంత గురించి ఒక మాట. విశాఖపట్నంలో ఉండిన ప్యాట్రిక్ రస్సెల్ అనే దొర అక్కడి రెండు వందల చేపల బొమ్మలతో 1803లో లండనులో పుస్తకం వేశాడు. చేపల పేర్లు మన జాలర్లు పిలిచినట్టే తెలుగులో రాసుకున్నాడు. అందులోని కానగుర్త అనే పేరు పట్టుకునే 1816లో కువియే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఆ చేపకి శాస్త్రం పేరు పెట్టాడు. ఇప్పటికీ ప్రపంచమంతా ఆ చేప రాస్ట్రెల్లిగర్ కానగుర్తా. ఈ సంగతి చెప్తే బావ, "అయితే దానికి తెలుగు వచ్చు, అందుకే మన గాలానికి పడింది" అన్నాడు. ఆయన పరిహాసం చేసి చాలా నాళ్లయింది.

ఒక శనివారం తెల్లారి ఆయనే నన్ను లేపాడు. గట్టు మీదకి పోయాం. రెండు గంటలకి ఒక్క కీచాన్ పడింది, అరచేయంత. దాని చెంపల దగ్గర ముల్లు ఉంటుంది, గుడ్డతో పట్టుకోండి. ఒక జిగ్ పోయింది. దాని ఖర్చు మా లెక్కలో పదిహేను రూపాయలు.

పోయేవాళ్లకి నాలుగు జాగ్రత్తలు. పాచి పట్టిన రాళ్ల మీద రబ్బరు చెప్పులతో నడవకండి. అల ఎత్తుగా ఉన్న నాడు పోకండి. ఒక్కరే పోకండి. గాలం వేలిలోకి ముల్లు దాకా దిగితే వెనక్కి పీక్కోకుండా ఆసుపత్రికి పోయి తీయించుకుని, ధనుర్వాతం సూది వేయించుకోండి. తెగిన నైలాన్ దారం, ఇక్కడ తంగూసు అంటాం కదా, అది గట్టు మీద పారేయకండి, కాకుల కాళ్లకి చుట్టుకుంటుంది.

ఇంకొకటి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకి వేట నిషేధం. ఆ రోజుల్లో చిన్న పడవల వాళ్లకే నాలుగు రూపాయలు వస్తాయి, వాళ్ల చోటుకి అడ్డం పోవద్దు. ఎన్నూరు వైపు పోతే అక్కడి వాళ్లని అడిగి గాలం వేయండి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వరదతో నూనె కొట్టుకొచ్చి వాళ్ల పడవలూ వలలూ నల్లబడిపోయాయి. మనది తీరిక, వాళ్లది తిండి.

పుళియంతోపు అక్కకి చివరి మాట. మీ ఆయన్ని ఆదివారం సాయంత్రం మా ఇంటికి పంపించు. బావ అరుగు మీదే ఉంటాడు. ముడి తప్పు వేస్తే కోప్పడతాడు, ముందే చెప్పి పంపు. ఇంట్లో ఇత్తడి పూసలు ఏమన్నా ఉంటే చేతికి ఇచ్చి పంపినా సంతోషం, మా మనవరాలి డబ్బా ఖాళీ అయిపోయింది.